సోమవారపు జ్వరము

నంద్యాలనుండి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోవు బాట సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల, నడుమ కుందూనది లోయ. బాటకు ఇరుప్రక్కలను నల్లరేగడి నేల. ఈ నేల యొకప్పుడు ప్రత్తికి పేరుపడినది. చెన్నపట్నపు రాజధాని వర్తకములో కర్నూలు, కడప సీమల ప్రత్తికి ‘నార్తర్న్స్’ అనియు, బళ్లారిసీమ ప్రత్తికి ‘వెస్టర్న్స్’ అనియు వాడుక పేర్లుండెను. 1906వ సంవత్సరమున నంద్యాలలో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనక్షేత్రము ప్రత్తిని తన ముఖ్యకార్యములలో నొకటిగా జేసికొన్నది. ‘నరసింహ’ యను వంగడము ఇచ్చటనే పుట్టి దూరప్రాంతముల పొలములకు వ్యాపించినది. ప్రత్తిచరిత్రను వ్రాయువారు ధరలను, దిగుబడులను, వంగడములను గూర్చి వ్రాయుదురు. ప్రత్తిదుమ్మును పీల్చినవారి చరిత్రను వ్రాయువారు తక్కువ. ఆ చరిత్రనే నేడు కొంత చెప్పదలచితిమి.

కొంతకాలము క్రిందట ఈ సీమలోనే యొక జిన్నింగు కొట్టమునకు పోవుట తటస్థించినది. దాని పేరుతో మనకు పనిలేదు. లోపల ఎండకిరణము పడినచోట దుమ్ము మంచువలె తేలుచుండెను. గింజనుండి దూది వేరుచేయు యంత్రములకు ప్రత్తి నందించుచున్న స్త్రీలు చీరకొంగు ముక్కుకు అడ్డముగా గట్టికొని యుండిరి. నడివయస్సు దాటిన యొకామెను, ‘ఏమమ్మా, ఈ దుమ్ములో పని యెట్లు చేయుచున్నావు?’ అని యడిగితిమి. ‘కొత్తల్లో రెండు దినాలు రొమ్ము పట్టేస్తాది సామీ. రాతిరికి చలి పుట్టి ఒళ్లు కాగుతాది. ఆమీట ఏముండదు. అలవాటు పడిపోతాది’ అని యామె నవ్వుచు జెప్పెను. యజమాని గుమాస్తాయు ఆ మాటనే అందుకొని, ‘చూచితిరా, వీరికి అలవాటే’ అనెను.

ఇద్దరును ఒకే మాట యనిరి. కాని ఆ మాట ఆమె నోట ఓర్పుగను, అతని నోట సమాధానముగను మాకు వినిపించినది. అలవాటు పడుట యనగా నేమి? దేహము విషమును జయించినదా, లేక విషము వచ్చినదని చెప్పుట మానుకొన్నదా? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు వైద్యశాస్త్రము రెండువందల యేండ్లకు పైగా నడచినది. ఆ నడక మన యిండ్లలోని పరుపులవరకును వచ్చునది గావున చదువరులు ఓపికతో వినవలెనని కోరుచున్నాము.

పనివారల రోగములను గూర్చి మొట్టమొదట సమగ్రమైన గ్రంథమును వ్రాసినవాడు ఇటలీదేశపు వైద్యుడు రామజ్జీని. అది 1700వ సంవత్సరము. జనుమును, అవిసెనారను దువ్వువారు దుమ్మును పీల్చి దగ్గుదురనియు, ఊపిరి యాడక బాధపడుదురనియు అతడు వ్రాసెను. రోగిని చూచినప్పుడు ‘నీ వృత్తి యేమి?’ అని కూడ అడుగవలెనని వైద్యులకు బోధించినవాడు ఇతడే. తరువాత ఆవిరియంత్రములు వచ్చెను. చేతితో జరుగు పని మిల్లులలో జేరెను. పదిమంది పీల్చిన దుమ్మును వేలమంది పీల్చవలసి వచ్చెను. 1831లో మాంచెస్టరు పట్టణమునందు కే అను వైద్యుడు నూలుమిల్లు పనివారల రొమ్ముజబ్బును ప్రత్యేకముగా వర్ణించెను.

అన్నిటికంటె విలువైన సాక్ష్యము 1845లో బెల్జియముదేశపు ఘెంటు నగరమునుండి వచ్చినది. మారెస్కా, హేమన్ అను ఇద్దరు వైద్యులు అచ్చటి ప్రత్తిమిల్లుల పనివారలను విచారించిరి. వారము చివరిదినములలో దుమ్ము తమ్మంతగా బాధింపదనియు, సోమ మంగళవారములలోనే యెక్కువ బాధ యనియు పనివారందరును చెప్పిరి. ఇందుకు కారణమేమని యడుగగా యజమానులు, ‘ఆదివారము నాటి విచ్చలవిడితనమే’ అనిరి. పనివారు మాత్రము, ‘ఆదివారము పని నిలిచినందున దుమ్ముకు మాకున్న అలవాటు కొంత తప్పిపోవుచున్నది’ అనిరి. వైద్యులు రెండు మాటలను వ్రాసియుంచిరి. ఏ మాట నిజమో తేలుటకు మరి నూరేండ్లు పట్టినది. నిజము పనివారలదే.

1877లో పారిసునగరపు వైద్యుడు ఆడ్రియన్ ప్రూస్టు ఈ జబ్బునకు ‘బిస్సినోసిస్’ అని పేరు పెట్టెను. బిస్సస్ అనగా గ్రీకుభాషలో సన్నని నారబట్ట. పేరు గ్రీకుదే యైనను రోగము అన్ని దేశములదియు. ఇరువదవ శతాబ్దపు నడుమ ఇంగ్లండులోని లంకాషైరు మిల్లులను పరిశీలించిన షిల్లింగు అను వైద్యుడు ఈ జబ్బునకు మెట్లు ఏర్పరచెను. మొదట అప్పుడప్పుడు సోమవారమునాడు రొమ్ము పట్టును. తరువాత ప్రతి సోమవారమును పట్టును. ఆ తరువాత మంగళ బుధవారములకును ప్రాకును. చివరకు దినభేదము లేక, సెలవులోగూడ ఊపిరి తిరుగని స్థితి యేర్పడును. మెట్లన్నిటిలో మొదటిదానినే మనము అలవాటని పిలుచుచున్నాము.

మన సీమకు వత్తము. మిల్లులు రాకముందు మన యూళ్లలో దూదిని ఏకుపని దూదేకులవారిది. రాయలసీమలో, ముఖ్యముగా కర్నూలు ప్రాంతమున, ఈ కులమువారు విశేషముగా నున్నారు. విల్లు భుజమున వేసికొని యింటింటికి వచ్చి, పాతబడి గట్టిపడిన పరుపులలోని దూదిని విదిలించి, నారి మ్రోయుచుండ మరల మెత్తగా ఏకి పోవుచుండిరి. వారు పనిచేయునంతసేపు ఇంటి పిల్లలను దూరముగా నుండుమని గృహిణులు కేకవేయుట పెద్దలందరును ఎరిగినదే. పిల్లలకు హానియైన దుమ్ము ఏకువానికి హాని గాదని యెవరు చెప్పిరి? అతనికి అలవాటే యని ఆ నాడును అనుకొంటిమి.

ఆ దుమ్ములో నేమున్నది? ప్రత్తికాయను ఆనుకొని మూడు రెక్కాకులుండును. కాయ పగిలి దూది తీయువేళకు అవి యెండి పొడియై దూదితో కలియును. ఆ యాకులమీద కంటికి గానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించును. వానలో తడిసి మరకపడిన ప్రత్తిలోను, తేమతో గోనెలలో త్రొక్కి నిలువజేసిన ప్రత్తిలోను అవి మరింత వృద్ధిపొందును. దూది ఎండినప్పుడు సూక్ష్మజీవులు చచ్చును. కాని వాని విషము చావదు. ఆ విషమే ఈ కథకు మూలము.

ఆ విషమును మొదట గుర్తించినవాడు రిచర్డు ఫైఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. బెర్లినులో కోక్ మహాశయుని పరిశోధనశాలయందు 1892 ప్రాంతమున అతడు కలరా క్రిములపై పనిచేయుచుండెను. క్రిములను కాచి చంపి జంతువులకు ఎక్కించినను అవి జబ్బుపడుచుండెను. కావున ఈ విషము బ్రతికియున్న క్రిమి స్రవించునది గాదనియు, దాని దేహములోనే భాగమై యుండి క్రిమి చచ్చిన తరువాతను నిలుచుననియు తలంచి, దానికి ‘ఎండోటాక్సిన్’, అనగా అంతర్విషము, అని పేరిడెను. కలరాలో ప్రాణముతీయు విరేచనములకు కారణము ఇది గాదు. అది వేరొక విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించెను. అయినను ఫైఫర్ కనుగొన్నది వ్యర్థము గాలేదు. అంతర్విషము కొవ్వు, చక్కెరల కూడికతో నేర్పడిన పదార్థమనియు, టైఫాయిడు మొదలైన అనేక జాతుల క్రిముల పైపొరలో నుండుననియు తరువాత తెలిసినది. మరుగుచున్న నీటికి గూడ అది చెడదు. రక్తములోనికి అణుమాత్రము పోయినను జ్వరము పుట్టించును.

ప్రత్తికిని ఈ విషమునకును గల సంబంధము 1942లో బయటపడినది. అమెరికాలో పల్లెటూళ్లవారు మరకపడిన తక్కువరకపు ప్రత్తితో పరుపులు కుట్టుచు, పని మొదలుపెట్టిన కొన్ని గంటలకే చలి, జ్వరము, తలనొప్పి, వాంతులతో పడిపోయిరి. నీల్ మొదలగు ప్రభుత్వవైద్యులు పరిశోధించి ఆ ప్రత్తిలో నొక సూక్ష్మజీవిని కనుగొని, జబ్బునకు దానిని కారణముగా నిర్ణయించిరి. మన దూదేకులవాని పనియే అచ్చటను జరిగినదని చదువరులు గమనింతురు గాక. 1961లో ఇటలీలో పెర్నీస్, అతని తోడివారు ఇట్టి దుమ్ముజబ్బులకు అంతర్విషమే కారణమని వాదించిరి. 1987లో అమెరికాలో కాస్టెల్లాన్ మొదలగువారు, ఆరోగ్యవంతులైన మనుష్యులను రకరకముల ప్రత్తిదుమ్ములో కూర్చుండబెట్టి ఊపిరిని కొలిచిరి. ఊపిరి తగ్గుట దుమ్ము బరువుననుసరించి గాక, అందలి అంతర్విషపు పరిమాణము ననుసరించి యుండెను. ప్రత్తిదుమ్ములో ఇతరపదార్థములును కలవు. రొమ్ముపట్టులో వానికిని కొంత పాలుండవచ్చును. కాని మొదటి ముద్దాయి యెవరో తేలిపోయినది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలిక్రింద లేచు రాతిదుమ్ము కథ వేరు. అందు హాని చేయునది రాతిలోని సిలికాయే.

ఇక అలవాటు మాట. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగములో వైద్యులు కొన్ని నరముల వ్యాధులకు జ్వరమునే మందుగా వాడుచుండిరి. వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ 1917లో రోగులకు మలేరియా నెక్కించి చికిత్స చేసెను. అందుకు 1927లో అతనికి నోబెలు బహుమాన మిచ్చిరి. మరికొందరు టైఫాయిడు టీకామందును నరములోనికి ఎక్కించి జ్వరము రప్పించుచుండిరి. వారికొక చిక్కు గలిగెను. నేడు ఎక్కించిన మోతాదు రేపు చాలదు. మోతాదును పెంచుచు పోయిననే గాని జ్వరము రాదు.

ఇది యేల యని అమెరికాలో పాల్ బీసన్ అను వైద్యుడు కుందేళ్లపై పరీక్షించెను. అతడు 1947లో వెల్లడించిన ఫలితములు ఈ విద్యకు పునాదిరాళ్లు. దినదినము టైఫాయిడు టీకామందు నెక్కించిన కుందేళ్లకు జ్వరము క్రమముగా తగ్గిపోయెను. టీకావలన రక్తములో పుట్టు ప్రతివిషములే ఇందుకు కారణమని తలంచుట సహజము. కాని వాని పరిమాణమునకును జ్వరము తగ్గుటకును పొందిక కనబడలేదు. మరియు టైఫాయిడు విషమునకు అలవాటుపడిన కుందేలు వేరుజాతి క్రిముల విషమునకును చలింపకుండెను. ఎక్కించుట మానిన కొంతకాలమునకు అలవాటు తొలగి జ్వరము మరల వచ్చుచుండెను. ఘెంటు పనివారు నూరేండ్లనాడు చెప్పినదియు ఇదియేగదా! కాలేయము, ప్లీహములలోని భక్షకకణములు విషమును త్వరగా ఊడ్చివేయుటయే కారణమని బీసన్ తలంచెను. అది కొంతవరకు సరియే. అసలు మార్పు ఆ కణములలోపలనే జరుగుచున్నదని తరువాత తెలిసినది.

భక్షకకణములను మొదట కనుగొన్నవాడు రుష్యాదేశీయుడైన మెచ్నికాఫ్. 1882లో సిసిలీద్వీపమున నక్షత్రచేప పిల్లలలో ముల్లు గ్రుచ్చి, దానిచుట్టును జీవకణములు మూగుట చూచెను. అట్టి కణములు మన ఊపిరితిత్తులలోను కాపలా తిరుగుచుండును. వీనికి విషము వచ్చినట్లు ఎట్లు తెలియును? ఈ ప్రశ్నకు ఉత్తరము చిత్రముగా నొక ఈగనుండి వచ్చినది. 1980ల నడుమ జర్మనీలో పండ్లయీగ పిండము పెరుగు విధమును పరిశోధించువారు ‘టోల్’ అను జన్యువును కనుగొనిరి. ఆ జన్యువు చెడిన ఈగ బూజుతెగులునకు లోనై చచ్చునని 1996లో ఫ్రాన్సులో హాఫ్‌మన్ బృందమువారు చూపిరి. మనుష్యునిలో దానిని బోలినది కలదని 1997లో మెడ్జిటోవ్, జేన్‌వే చూపిరి. టోల్‌వంటి గ్రాహకములలో నాలుగవదే అంతర్విషమును గుర్తించునదని 1998లో బ్యూట్లర్ బృందమువారు ఎలుకలపై పరిశోధించి తేల్చిరి. 2011లో బ్యూట్లరునకు, హాఫ్‌మన్‌నకు నోబెలు బహుమానము లభించినది. స్టైన్‌మన్ వేరొక శోధనకు అందు పాలుపొందెను.

కణములోపలి వ్యవహారమును మన పల్లెలోని పాతపద్ధతితో పోల్చి చెప్పుదుము. రాయలసీమ యూళ్లలో బురుజులుండెడివి. బురుజుమీది కావలివాడు దొంగలను చూచి కేకవేయును; క్రిందివాడు దానినందుకొని చావడికి పరుగెత్తును; చావడిలో నగారా మ్రోగును; ఊరివారు బడిసెలతో వత్తురు. కణపు పైపొరలోని నాలుగవ టోల్ గ్రాహకమే బురుజుమీది కావలివాడు. అది విషమును తాకగానే లోపల మైడ్-88 అను మాంసకృత్తు మేల్కొనును. అది ఐరాక్ అను మాంసకృత్తులను లేపును. అవి వరుసగా మరికొన్నిటిని లేపగా, ఎన్.ఎఫ్. కప్పాబి అను దూత కణకేంద్రములోనికి పోయి జన్యువులను తెరచును. అప్పుడు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ మొదలైన పదార్థములు వెలువడును. నగారా యన అవియే. అవి మెదడునకు జేరి జ్వరమును, రక్తనాళములకు జేరి వాపును, ఊపిరిగొట్టములకు జేరి బిగుతును కలిగించును. జ్వరమనునది విషము చేసిన పనికంటె మన కావలివారు చేసిన పనియే యెక్కువ.

ఈ నగారా దినదినమును మ్రోగినచో ఊరివారు దొంగలవలన గాక నిద్రలేమివలననే చత్తురు. కావున కణము రెండవమారు అదే విషము తాకినప్పుడు కేకను అణచుటకు ఏర్పాట్లు చేసికొనును. మొదటి తాకుడు ముగియకముందే ఐరాక్-ఎమ్ అను మాంసకృత్తును తయారుచేయును. ఇది ఐరాక్‌లను బోలియుండియు వార్తను ముందునకు పోనీయదు. దారిలో అడ్డుగా నిలుచును. దీని పనిని 2002లో కొబయాషి, ఫ్లావెల్ మొదలగువారు ఎలుకలలో నిరూపించిరి. ఏ-20 అను మరియొక మాంసకృత్తు వార్త మోయువారికి తగిలించిన గుర్తులను ఊడదీయును. కేంద్రములో జన్యువుల చుట్టును ఉన్న ముడుతలే మారి కొన్ని జన్యువులు మూతపడును.

ఇందు విశేషమేమనగా, మూత అన్నిటిమీదను పడదు. 2007లో ఫాస్టర్, మెడ్జిటోవ్ మొదలగువారు ఎలుకల భక్షకకణములను పరిశీలించి, జన్యువులు రెండు తెగలుగా విడిపోవునని చూపిరి. వాపును, జ్వరమును పుట్టించు తెగ మూతపడును. క్రిములను నేరుగా చంపు పదార్థములను తయారుచేయు తెగ తెరచియే యుండును. కొన్ని ముందుకంటె చురుకుగా పనిచేయును. కావున అలవాటనునది కేవలము మొద్దుబారుట గాదు; ఏ పని మానవలెనో, ఏ పని సాగింపవలెనో కణము ఎంచుకొనుచున్నది. పూర్వపు వైద్యులు ఊహింపని వివేక మిందు గలదు.

ఈ వివేకమువలన మేలును కలదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు పల్లెలలో పశువులకొట్టముల ప్రక్కన పెరిగిన పిల్లలకు పుప్పొడి జ్వరము, ఉబ్బసము తక్కువ యని 2002లో బ్రౌన్ ఫారలాండర్, ఫాన్ మూటియస్ మొదలగువారు ప్రకటించిరి. వారి పరుపులదుమ్ములో అంతర్విషము ఎక్కువగా నుండెను. వారి రక్తకణములు విషమునకు తక్కువగా కేకవేయుచుండెను. ఈ రక్షణకు ఊపిరితిత్తుల లోపొరలోని ఏ-20 ఆవశ్యకమని 2015లో బెల్జియముదేశమున ఎలుకలపై తేలినది. ఈ వార్తను విని కొందరు, ‘దుమ్ము మంచిదే, మురికి మంచిదే’ యని తొందరపడి చెప్పుచున్నారు. పసితనమున కొట్టములో ఆడుకొన్న పిల్ల వేరు. ఎనిమిదిగంటలు యంత్రముముందు కూర్చున్న తల్లి వేరు. మోతాదు మారినచో మందే విషమగునని మన యిండ్లలో తెలియనివారెవరు?

కీడును చెప్పవలెను. రక్తములో క్రిములు వ్యాపించు సెప్సిస్ అను ఘోరవ్యాధిలో మొదటి తుపాను గడచిన రోగుల రక్తకణములను తీసి అంతర్విషము తాకించినచో అవి పలుకవు. అలవాటు హద్దుమీరిన స్థితి యది. అట్టివారు మొదటి రోగమునకు గాక, తరువాత దూరు రెండవ రోగమునకు బలియగుట కలదు. కావలివాడు మాటిమాటికి కేకవేసి సొమ్మసిల్లియుండగా రెండవదొంగ గోడదూకుట వంటి దిది.

ప్రత్తిపనివారల విషయములో కీడు వేరొక దారిన వచ్చును. చైనాలో షాంఘై నగరపు ప్రత్తిమిల్లుల పనివారలను, పట్టుమిల్లుల పనివారలను 1981నుండి క్రిస్టియాని మొదలగు పరిశోధకులు దశాబ్దములతరబడి పరిశీలించిరి. ప్రత్తివారల ఊపిరిబలము పట్టువారలకంటె వేగముగా తగ్గుచువచ్చెను. దుమ్ముపని మానిన తరువాత కొంత కోలుకొనుటయు కనబడినది. జ్వరము రెండుదినములకు పోయినది. ఊపిరి యేటేట తరిగినది. కేక నిలిచినంతమాత్రమున దొంగతనము నిలువలేదు. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. అలవాటు జ్వరమును మరుగుపరచును గాని ఊపిరికి పూచీపడదు.

కావున ఘెంటు పనివారును, మన కొట్టములోని యామెయు చెప్పినది అక్షరాల నిజము. దేహమునకు అలవాటు కలుగుట, విరామముతో అది పోవుట, రెండును వారు తమ రొమ్ముతోనే కనుగొనిరి. తప్పు వారి మాటలో లేదు. ఆ మాటనుండి మనము తీసిన అర్థములో నున్నది. ఆ కాలపు యజమానులు నేరమును ఆదివారముమీదికి త్రోసిరి. ఈ కాలపువారు ‘అలవాటే’ యను మాటతో నేరమునే లేకుండ జేయుచున్నారు. మొదటిది అపవాదు, రెండవది మర్యాదగా కనబడు నిర్లక్ష్యము. ఫలము రెంటికిని ఒకటే.

చట్టములు ఊరకుండలేదు. అమెరికాలో 1978లో మిల్లుగాలిలో ప్రత్తిదుమ్మునకు హద్దు విధించిరి. నూలు వడకు శాలలలో ఘనమీటరుగాలికి 0.2 మిల్లీగ్రాములు మించరాదు. ఖర్చునకు వెఱచిన మిల్లువారు న్యాయస్థానమునకెక్కగా, 1981లో అచ్చటి సుప్రీముకోర్టు పనివారి ఆరోగ్యపక్షముననే తీర్పు జెప్పెను. కాని ఆ నిబంధనలోగూడ జిన్నింగు పనివారు చేరలేదు. మనదేశమున 1948నాటి ఫ్యాక్టరీల చట్టములోని తెలియజేయవలసిన రోగముల పట్టికలో బిస్సినోసిస్ చేరినది. పనివారి నష్టపరిహారపు చట్టపు పట్టికలోను చేరినది. పట్టికలో పేరుండుట మేలే. కాని రోగమును పట్టుకొనుటకు వైద్యుడు చూడవలెను. వైద్యుడు చూచుటకు పనివారి పేరు పుస్తకములో నుండవలెను. ప్రత్తికాలము నాలుగునెలలు పనిచేసి, తరువాత మిరపకోతకో వరినాటునకో పోవు కూలిస్త్రీ పేరు ఏ పుస్తకములో నుండును? పైగా ఏటేట నడుమ నెలలతరబడి పని నిలుచును గావున ఆమె ప్రతియేడును క్రొత్తదియే. ప్రతియేడును ఆమెకు సోమవారములు మరల మొదలగును.

చేయదగిన పనులు గొప్పవి గావు. ప్రత్తిని ఎండుటాకులు కలియకుండ శుభ్రముగా తీయుట, తడిసినదానిని వేరుచేయుట, ఆరిన తరువాతనే నిలువజేయుట పొలములోనే కావలసినవి. యంత్రమునకు మూత, దుమ్మును లాగు గొట్టము, గాలి వచ్చు కిటికీలు కొట్టములో కావలసినవి. చీరకొంగు బరకదుమ్మును ఆపును గాని సన్ననిదానిని ఆపలేదు; తగిన ముసుగును యజమానియే యియ్యవలెను. ఇంట పరుపు ఏకించువారు వెలుపల చెట్టుక్రింద ఏకించుట, బూజుపట్టిన దూదిని ఏకించక పారవేయుట, ఏకువానికిని ముసుగు ఇచ్చుట గృహిణులు తలచుకొన్నచో నేడే జరుగును. వైద్యులు మాత్రము రామజ్జీని ప్రశ్నను మరువక, ‘నీ వృత్తి యేమి?’ అని యడిగిన తరువాత మరియొక ప్రశ్న చేర్చవలెను: ‘సెలవు మరునాడు నీ కెట్లుండును?’ ఏ యంత్రమును అక్కరలేకయే ఈ ప్రశ్న జబ్బును మొదటిమెట్టుననే పట్టియిచ్చును.

కొట్టమునుండి మేము వెలుపలికి వచ్చునప్పుడు ఆ స్త్రీ కొంగు విప్పి ముఖము తుడుచుకొనుచుండెను. ‘ఇప్పుడు రొమ్ము ఎట్లున్నదమ్మా?’ అని యడిగితిమి. ‘ఇప్పుడేమీ తెలియదు సామీ’ అనెను. ఆమె ఆ మాటను ధైర్యము చెప్పుటకే యన్నది. మేము దానిని ధైర్యముగా గైకొనలేకపోతిమి.